తెల్లవార్లూ కళ: నిలిచే బొమ్మ, నడిచే కరగ

2002 అక్టోబర్ 5 రాత్రి పారిస్‌లో సోఫీ కాల్ అనే కళాకారిణి ఈఫిల్ టవర్ పైన ఒక గదిలో మంచం వేయించుకుని పడుకున్నారు. వచ్చినవాళ్లు ఒక్కొక్కరుగా పక్కన కూర్చుని కథ చెప్పి ఆమెకు నిద్ర పట్టకుండా చూడాలి. కథకు గడువు ఐదు నిమిషాలు. అంటే గంటకు 12 మంది. రాత్రంతా ఒక్క క్షణం ఆగకుండా సాగినా వంద చిల్లర మందికి మించి ఆ మంచం దగ్గరికి చేరలేరు. ఆలోచన ఎంత అందమైనదో లెక్క అంత కచ్చితమైనది. రాత్రంతా సాగే కళోత్సవంలో ఏ ప్రదర్శన ఎంతమందికి అందుతుందన్నది మొదటిరోజే కాగితం మీద తేల్చుకోవాల్సిన విషయం.

ఆ రాత్రి పారిస్ మొదలుపెట్టిన ‘న్యూయి బ్లాంష్’ అనే తెల్లవార్లూ సాగే కళోత్సవం తర్వాత చాలా ఊళ్లకు పాకింది. మాంట్రియల్ 2004లో, టొరంటో 2006లో, మెల్‌బోర్న్ 2013లో తమ రాత్రుల్ని మొదలుపెట్టాయి. హెల్సింకిలో కళల రాత్రి 1989 నుంచీ, బెర్లిన్‌లో మ్యూజియాల రాత్రి 1997 నుంచీ ఉన్నాయి. వివరాలు వేరైనా అన్నిటి పద్ధతీ ఒకటే. ఇన్‌స్టలేషన్లు, అంటే ఒక చోట అమర్చి ఉంచే కళాకృతులు, నగరమంతా పరిచి పెడతారు, జనం మ్యాపు పట్టుకుని ఒకదాని దగ్గర్నుంచి ఇంకోదానికి నడుస్తారు.

బెంగళూరు పాతబజారు ప్రాంతమైన పేట వీధుల్లో జనాన్ని తెల్లవార్లూ మేల్కొలిపే పండుగ దీనికి సరిగ్గా తిరగేసిన పద్ధతిలో నడుస్తుంది. చైత్ర పౌర్ణమి రాత్రి ధర్మరాయస్వామి గుడి నుంచి కరగ, అంటే అర్చకుడు తల మీద మోసే పూలగోపురం, బయల్దేరి వీధి వీధీ తిరుగుతుంది. జనం తమ గుమ్మంలో, అరుగు మీద, మేడ మీద నిలబడి దాని కోసం ఎదురుచూస్తారు. కరగ భక్తుల పూజ, కళాప్రదర్శన కాదు. ఆ తేడా మరవకూడదు. కానీ ఇరుకు వీధుల్లో, రాత్రిపూట, వేలాది మందికి ఒకే దృశ్యాన్ని ఎలా అందించాలన్న ప్రశ్నకు ఆ ఊరేగింపులో ఒక జవాబుంది. బొమ్మ నిలబడితే జనం కదలాలి, బొమ్మ కదిలితే జనం నిలబడొచ్చు. వీధి వెడల్పు, క్యూ, కరెంటు, చప్పుడు, ఇంటికి చేరే దారి, అన్నీ ఈ రెండిట్లో ఏది ఎంచుకున్నారన్నదాన్ని బట్టే మారతాయి. బెంగళూరులో ఇలాంటి రాత్రి జరపాలనుకునేవాళ్లు ఎంపిక అక్కడ మొదలుపెట్టాలి. మొదలుపెట్టే ముందు కొన్ని లెక్కలు తెలియాలి.

నిలిచే బొమ్మ సంగతి ముందు చూద్దాం. పది నిమిషాల వీడియో ఒక లోపలి ముంగిట్లో నడుస్తోందనుకుందాం. ముంగిలి పది మీటర్లకు పది మీటర్లు, అంటే 100 చదరపు మీటర్లు. నిలబడి చూడ్డానికి చదరపు మీటరుకు ఇద్దరు హాయిగా పడతారు, కాబట్టి ఆటకు 200 మంది. లోపలున్నవాళ్లు వెళ్లి కొత్తవాళ్లు రావడానికి కనీసం ఐదు నిమిషాలు పడుతుంది. గంటకు నాలుగు ఆటలు, 800 మంది. రాత్రి తొమ్మిదికి గుమ్మం దగ్గర 1,600 మంది ఉంటే చివర నిలబడ్డవాడికి రెండు గంటలు. ఆ రెండు గంటల్లో అతను ఇంకేమీ చూడలేడు, ఆ క్యూ బయట వీధిని మూసేస్తుంది. అందుకే అనుభవమున్న నిర్వాహకులు మొదలూ చివరా లేని, ఎక్కడ చూసినా రెండు నిమిషాల్లో అర్థమయ్యే వీడియోని అడుగుతారు. కథ ఉన్న వీడియోని నడిరాత్రి దాటాక వేస్తారు.

చూడ్డానికి వెళ్లేవాళ్లకూ ఇదే లెక్క పనికొస్తుంది. మ్యాపులో 60 చుక్కలుంటే 60 చూడాలనుకోవడం రాత్రిని పాడుచేసుకునే దగ్గర దారి. ఆరో ఎనిమిదో ఎంచుకోవాలి. నడక మొత్తం మూడు నాలుగు కిలోమీటర్లు దాటకూడదు. ఆరుబయట గోడల మీద వెలిగేవి ఏడు నుంచి తొమ్మిది మధ్య చూసెయ్యాలి, వాటికి క్యూ ఉండదు. మనిషి కదలికకు స్పందించే సెన్సర్ బొమ్మల్నీ పెందలాడే చూడటం మంచిది. అవి ఒకరిద్దరు ఎదురుగా నిలబడినప్పుడు పనిచేసేలా సర్ది ఉంటాయి. ఇరవై మంది ఒకేసారి చేతులూపితే కెమెరాకు ఎవరి చెయ్యి ఎవరిదో తెలియదు, అర్ధరాత్రికల్లా కొన్ని మొరాయిస్తాయి. గదుల్లో ఉండేవి, క్యూ పెద్దదిగా ఉండేవి ఒంటిగంట దాటాక. ఫోన్లో మ్యాపు ముందే సేవ్ చేసుకోవాలి. ఒకే చోట అన్ని వేల ఫోన్లు చేరితే నెట్ నత్తనడక నడుస్తుంది. నిర్వాహకులు క్యూఆర్ కోడ్ పెట్టి ఊరుకుంటే చాలదు, అచ్చువేసిన మ్యాపు చేతికివ్వాలి.

ఇక గోడ మీద బొమ్మ వెయ్యడం. ప్రొజెక్టర్ ఎంత పెద్దదైతే అంత మంచిదని చాలామంది అనుకుంటారు. అసలు ఖరీదైన సరుకు చీకటి. 12 మీటర్ల వెడల్పు, 8 మీటర్ల ఎత్తున్న గోడ మీద 20,000 ల్యూమెన్ల (ల్యూమెన్ అంటే దీపం ఇచ్చే వెలుగుకు కొలత) ప్రొజెక్టర్ వేస్తే చదరపు మీటరుకు సుమారు 208 ల్యూమెన్లు, అంటే 208 లక్స్ పడుతుంది. నష్టాలు పోగా మిగిలేది 150 అనుకుందాం. అదే గోడ మీద వీధిదీపం వెలుగు 20 లక్స్ పడుతుంటే, తెలుపు 170, నలుపు 20. తేడా ఎనిమిదిన్నర రెట్లే. రంగులు పాలిపోయి, నలుపు బూడిదరంగులా కనిపిస్తుంది. వీధిదీపం ఆపేసి చుట్టుపక్కల వెలుగు 2 లక్స్‌కి దించితే తేడా 76 రెట్లవుతుంది. ప్రొజెక్టర్ అదే, అద్దె అదే, మారింది ఒక స్విచ్. కాబట్టి ఆరునెలల ముందు ప్రొజెక్టర్ కంపెనీని వెతకడం కన్నా ఏ స్తంభం ఏ పెట్టె నుంచి వెలుగుతోందో, దాన్ని ఆర్పే అధికారం ఎవరిదో కనుక్కోవడం ముఖ్యం. 1905 ఆగస్టు 5న ఇప్పటి కె.ఆర్. మార్కెట్ ప్రాంతంలో కరెంటు వీధిదీపాలు వెలిగించి దేశంలో ముందు వరసలో నిలిచిన ఊరు ఇది. ఒక రాత్రి కొన్నిటిని ఆర్పడానికి ఒప్పించడమే ఇక్కడ కష్టమైన పని. దీపాలు ఆర్పిన చోట కాలి కింద కనిపించేలా మోకాలి ఎత్తులో మసక దీపాలు పెట్టకపోతే అసలుకే మోసం వస్తుంది.

గోడ ఏ రకమో కూడా చూడాలి. మెరుపులేని తెల్లసున్నం గోడ పడిన వెలుగులో అధికభాగం తిరిగిస్తుంది. ఎర్ర ఇటుక పావు వంతు దాకా ఇస్తే గొప్ప. అద్దాల భవనం మీద బొమ్మ పడదు, వెలుగు లోపలికి పోతుంది. ఎమ్.జి. రోడ్డు, వైట్‌ఫీల్డ్ వైపు పెద్ద భవనాలు ఎక్కువగా అద్దాలవే కావడం వల్ల అటువైపు ఈ తరహా పని కష్టం.

పేటలో ఇంకో అవకాశం ఉంది. అవెన్యూ రోడ్డు, చిక్కపేట, నగరత్‌పేట దుకాణాలు రాత్రికి షట్టర్లు దించేస్తాయి. వరసగా ఇనుప తెరలు. ఒక షట్టర్ మూడు మీటర్ల వెడల్పు, రెండున్నర మీటర్ల ఎత్తు, ఏడున్నర చదరపు మీటర్లు. దాని మీద 4,000 ల్యూమెన్ల చిన్న ప్రొజెక్టర్ వేసినా 530 లక్స్ పైన వస్తుంది. పెద్దగోడ మీద 20,000 ల్యూమెన్లు ఇచ్చినదానికి రెండున్నర రెట్లు! వీధి ఇరుకు కాబట్టి ఎదురు గోడ మీద నుంచి వేస్తే నడిచేవాళ్ల నీడలు బొమ్మ మీద పడతాయి. అతి దగ్గర్నుంచి వేసే లెన్సు ఉన్నదాన్ని సన్‌షేడ్ కింద బిగిస్తే మీటరు దూరం సరిపోతుంది, నీడ పడదు. షట్టర్‌కి అడ్డంగా గాడులుంటాయి గనక సన్నటి అక్షరాలు, ముఖ్యంగా తెలుగు కన్నడ ఒత్తులు, విరిగిపోయి కనిపిస్తాయి. జానెడు కన్నా చిన్న అక్షరం వెయ్యకూడదు. ముదురు రంగు పెయింటూ, నూనె మరకా ఉన్న షట్టర్‌కి ఒక తెల్ల నీళ్లరంగు పూత కావాలి, దానికి యజమాని అనుమతి ముందే తీసుకోవాలి. పేట వ్యాపారుల్లో తెలుగువాళ్లు తరతరాలుగా ఉన్నారు. కబ్బన్‌పేట నేత కుటుంబాల్లో తెలుగు ఇప్పటికీ వినిపిస్తుంది. ఉత్తరం ఇచ్చి సంతకం అడిగితే పక్కన పెట్టే యజమాని, దుకాణంలో కూర్చుని తెలుగులోనో కన్నడలోనో మాట్లాడితే ఆ మధ్యాహ్నమే ఒప్పుకుంటాడు.

కరెంటు విషయంలో చిన్న ప్రొజెక్టర్లకే మొగ్గు. 4,000 ల్యూమెన్ల ప్రొజెక్టర్ 350 వాట్ల దాకా తీసుకుంటుంది. రాత్రి 8 నుంచి తెల్లవారి 5 దాకా తొమ్మిది గంటలకు మూడు యూనిట్ల పైచిలుకు. ఇళ్లల్లో ఇన్వర్టర్‌కి పెట్టే 150 ఆంపియర్ అవర్ బ్యాటరీలో 1.8 యూనిట్లుంటాయి, అందులో వాడుకోదగ్గది 1.3 దాకా. ఇన్వర్టర్ తినేది కలుపుకుంటే ఒక్కో ప్రొజెక్టర్‌కి మూడు బ్యాటరీలు కావాలి. ప్రొజెక్టర్లు ఎనిమిది దాకా ఉంటే చప్పుడు చెయ్యని రకం 5 కేవీఏ జనరేటర్ మేలు. అది నిజంగా ఇచ్చేది నాలుగు కిలోవాట్లు, అందులో మూడు దాటి ఎక్కించకూడదు. దాన్ని ప్రదర్శన పక్కన పెడితే పొగ, మోత. దూరంగా పెడితే తీగ పొడవై చివర్లో వోల్టేజీ పడిపోతుంది. సరైన మందం తీగ వేసి 50 మీటర్ల దూరంలో, గాలి అవతలికి పోయే వైపు పెట్టడం నడిమధ్య మార్గం. ఎక్కువమంది మరిచిపోయేది యూపీఎస్. మెయిన్ పోయి జనరేటర్ అందుకునేలోపు పది పదిహేను సెకన్లే, కానీ వీడియో ఆడించే కంప్యూటర్ అప్పటికే ఆగిపోయి ఉంటుంది. రాత్రి రెండింటికి దాన్ని మళ్లీ తెరిచి పాస్‌వర్డ్ కొట్టే మనిషి అక్కడ ఉండడు. దారికి అడ్డంగా పోయే తీగకు రబ్బరు మూత, జనం ముట్టుకునే ప్రతి వస్తువుకూ 30 మిల్లీ ఆంపియర్ల ఎర్త్ లీకేజ్ బ్రేకర్ ఉండి తీరాలి. వాన పడ్డ వీధిలో ఇనుప షట్టర్‌కి కరెంటు కొట్టడం ఊహించని ప్రమాదం కాదు.

వాన మాట వచ్చింది కాబట్టి కాలం సంగతి. టొరంటో అక్టోబర్ రాత్రుల్లో జరుపుకుంటుందని బెంగళూరు ఆ నెల ఎంచుకోకూడదు. ఇక్కడ సెప్టెంబర్, అక్టోబర్ నెలలే వాన దంచికొట్టేవి. ఏప్రిల్, మే సాయంత్రాలు ఉరుముల వాన ఉంటుంది. జనవరి నుంచి మార్చి మొదటి వారం దాకా ఆకాశం నమ్మదగింది. జనవరిలో ఆరుంబావుకు పొద్దుగూకితే మళ్లీ ఆరూముప్పావు దాకా తెల్లవారదు, పన్నెండున్నర గంటల రాత్రి. పారిస్ తన పండుగను 2023లో జూన్‌కి మార్చుకుంది. హాయిగా వెచ్చగా ఉంటుంది గానీ అక్కడ జూన్‌లో రాత్రి పదికి గానీ చీకటి పడదు. ప్రొజెక్టర్ నమ్ముకున్నవాళ్లకి అది పెద్ద నష్టం. మన జనవరికి చలీ పెద్దగా లేదు, 15, 16 డిగ్రీలు. ఒక స్వెట్టర్ చాలు. కర్ణాటక చిత్రకళా పరిషత్తు కుమారకృపా రోడ్డు మీద ఏటా నడుపుతున్న చిత్రసంతె మామూలుగా జనవరి మొదటి ఆదివారమే. ఒక్క రోజు రోడ్డు మూసి వందలాది చిత్రకారుల్ని ఫుట్‌పాత్ మీద కూర్చోబెట్టే అలవాటు ఆ వీధికీ ట్రాఫిక్ పోలీసులకూ ఇప్పటికే ఉంది. ముందురోజు శనివారం రాత్రిని దానికి తగిలించడం అన్నిటికన్నా సులువైన ఆరంభం.

చప్పుడు దగ్గర చట్టం స్పష్టంగా ఉంది. 2000 నాటి శబ్దకాలుష్య నియమాల ప్రకారం రాత్రి 10 నుంచి ఉదయం 6 దాకా ఆరుబయట మైకులు పనికిరావు. తర్వాతి సవరణతో వాద్యాలూ ఆ లెక్కలోకి వచ్చాయి. సాంస్కృతిక, మత ఉత్సవాలకు రాష్ట్ర ప్రభుత్వం 10 నుంచి 12 దాకా మినహాయింపు ఇవ్వగలదు, అదీ ఏడాదికి 15 రోజులు మించకుండా. రాత్రి 10 దాటాక వ్యాపార ప్రాంతంలో హద్దు 55 డెసిబెల్స్, ఇళ్లున్న చోట 45. మాట్లాడుకునే జనం గుంపే 60 దాటుతుంది. ఆసుపత్రి, బడి, కోర్టు నుంచి వంద మీటర్ల లోపల ఇంకా కఠినం, 40. కాబట్టి కార్యక్రమం పన్నెండు దగ్గర రెండుగా చీలాలి. అంతకుముందు పాట, డోలు, ఆట. ఆ తర్వాత సంగీతం నాలుగు గోడల మధ్యకు, అంటే సభాగృహంలోకో కల్యాణమంటపంలోకో వెళ్లిపోవాలి. వీధిలో వెలుగు మాత్రమే మిగలాలి. హెడ్‌ఫోన్లు ఇచ్చి వినిపించే పద్ధతి ఉంది గానీ, వంద హెడ్‌ఫోన్లు తుడిచి మళ్లీ చార్జి పెట్టడానికి ఇద్దరు మనుషులు రాత్రంతా కావాలి.

రాత్రి గంటగంటకూ మారుతుందన్న ఇంగితం తెలుగు వీధి ప్రదర్శనలకు ఎప్పటినుంచో ఉంది. తోలుబొమ్మలాట తెల్లవార్లూ సాగేది. రావణుడి సభ మధ్యలో ఉన్నట్టుండి జుట్టుపోలిగాడు, బంగారక్క, కేతిగాడు దూకి మోటు హాస్యం ఆడటం ఎందుకంటే నిద్రకు తూగే తలలు లేవాలి. కథ బరువైన ఘట్టం ఎక్కడ పెట్టాలో, నవ్వు ఎక్కడ పెట్టాలో బొమ్మలాడించేవాళ్లు జామును బట్టి సర్దుకునేవాళ్లు. ధర్మవరం దగ్గరి నిమ్మలకుంటలో ఆ బొమ్మలు చేసే కుటుంబాలు ఇప్పటికీ ఉన్నాయి. ఆ ఊరి దళవాయి చలపతిరావుకు 2020లో పద్మశ్రీ వచ్చింది. పలచగా గీకిన తోలు వెనకనుంచి వచ్చే వెలుగులో రంగు గాజులా మెరుస్తుంది, 40 వాట్ల బల్బు చాలు. లక్షల అద్దె ప్రొజెక్టర్ పక్కన ఒక తోలుబొమ్మల తెర కడితే ఏది ఎక్కువసేపు జనాన్ని నిలబెడుతుందో చూడ్డం మంచి పరీక్ష. శివరాత్రి జాగారానికి కోటప్పకొండ వెళ్లినవాళ్లకు ఇంకో పాఠం తెలుసు. విద్యుత్ ప్రభలు ఎంత ఎత్తున్నా మనిషి మెడ ఎత్తి చూసేది దూరం నుంచి, కాబట్టి వాటి కింద తొక్కిసలాడాల్సిన పనిలేదు. తల కన్నా ఎత్తులో ఉండేది నడుస్తూ చూడొచ్చు. నడుము ఎత్తులో ఉండేదాని దగ్గర ఆగి తీరాలి.

ఈ మాట పేట సందుల్లో ప్రాణాల లెక్క. ఐదు మీటర్ల సందులో నిలిపిన బళ్లు, కాలువ పోను నడవడానికి మూడు మీటర్లుంటే, హాయిగా నడిచే జనం మీటరు వెడల్పుకు నిమిషానికి 50 మంది చొప్పున 150 మంది వెళతారు. ఒక పక్కన ముచ్చటైన బొమ్మ పెట్టగానే చూసేవాళ్లు మీటరున్నర ఆక్రమిస్తారు. మిగిలిన మీటరున్నరలో నిమిషానికి 75. వెనకనుంచి వచ్చేవాళ్లు మాత్రం 150 మందే. పది నిమిషాల్లో 750 మంది అదనంగా ఆ సందులో ఉంటారు. చదరపు మీటరుకు నలుగురు దాటితే నడక ఇష్టప్రకారం సాగదు, ఆరుగురు దాటితే ఎవరూ తోయకపోయినా గుంపు అలలా ఊగుతుంది. 2025 జూన్ 4న చిన్నస్వామి స్టేడియం బయట 11 మంది చనిపోయిన ఊరిలో ఈ అంకెలు తెలియకుండా ఎవరూ అనుమతి అడగకూడదు, ఇవ్వకూడదు. సందులు ఒకవైపు నడకకే వదలాలి, బొమ్మలు సందు మధ్యలో గాక విశాలమైన మొగల్లో పెట్టాలి, లోపలికి వదిలేవాళ్లకు ఆపే అధికారం ఉండాలి. చూడ్డానికి వెళ్లినవాళ్లు చేతులు రొమ్ముకు ఆనుకుపోతున్నాయంటే బొమ్మ సంగతి వదిలెయ్యాలి. గుంపుకి ఎదురు తిరగకుండా, ఊగు తగ్గినప్పుడల్లా ఏటవాలుగా పక్క గోడ వైపు జరగాలి. పిల్లల్ని ఎత్తుకోవాలి.

ఇప్పుడు కరగ దగ్గరికొస్తే, అదే ఇరుకు వీధులు, అదే జనం. కానీ అమరిక వేరు. తిగళ సముదాయానికి చెందిన అర్చకుడు చీర కట్టి, గాజులు తొడిగి, మల్లెలతో కట్టిన ఎత్తైన గోపురంలాంటి కరగను చెయ్యి ఆనించకుండా తల మీద మోస్తాడు. చుట్టూ కత్తులు పట్టిన వీరకుమారులు. గోవింద నామంతో అర్ధరాత్రి దాటాక గుడి దాటి వస్తుంది, తెల్లారేసరికి మళ్లీ గుడి చేరుతుంది. దారిలో కాటన్‌పేటలో హజ్రత్ తవక్కల్ మస్తాన్ దర్గాకు వెళ్లడం ఆనవాయితీ. తోటపని, పూలసాగు తిగళుల వృత్తి. ఆ మల్లెలు వాళ్ల పనితనమే. ఆ రాత్రే చుట్టుపక్కల గుళ్ల పూలపల్లకీలూ వీధికొస్తాయి గనక కరగ ఇంకా రాని వీధిలో కూడా చూడ్డానికి ఏదో ఒకటి ఉంటుంది.

జనాన్ని సర్దే దృష్టితో చూస్తే ఇందులో రెండు విషయాలు గమనించాలి. మొదటిది, ఎవరి ఇంటి ముందు వాళ్లు నిలబడతారు కాబట్టి గుంపు కిలోమీటర్ల పొడవునా పలచగా పరుచుకుంటుంది. ఇసుక వేస్తే రాలని చోటు ఒక్క గుడి వీధే. రెండోది, ముందు నడిచే వీరకుమారులే దారి చేస్తారు. కర్రలు కట్టిన బారికేడ్ నిలబడ్డచోట నిలబడి ఉంటుంది, ఈ దండు బారికేడ్ మాత్రం కరగతోపాటు కదులుతుంది. అది వెళ్లగానే వీధి మళ్లీ తెరుచుకుంటుంది. నిలిచే ఇన్‌స్టలేషన్‌కి రాత్రంతా కాపలా కావాలి, కదిలేదానికి ఒక్క దండు చాలు.

కరగ చూడ్డానికి మొదటిసారి వెళ్లే తెలుగు కుర్రాళ్లు మారతహళ్లి, వైట్‌ఫీల్డ్ పీజీల నుంచి పదింటికి బయల్దేరి నేరుగా గుడి ముందుకు పోతారు. అక్కడ మూడు గంటలు నలిగి, కరగ బయటికొచ్చే క్షణంలో ముందువాళ్ల ఫోన్లు తప్ప ఏమీ చూడరు. వెడల్పున్న రోడ్డులో, మలుపు లోపలి అంచున కాకుండా బయటి అంచున, దుకాణం మెట్టు మీద చోటు చూసుకోవాలి. కరగ వేగంగా వస్తుంది, మలుపులో మాత్రమే కాస్త నెమ్మదిస్తుంది. సమయం ఏటేటా మారుతుంది, ఆలస్యమే ఎక్కువ. వీరకుమారుల వరసలోకి చొరబడటం, ఫ్లాష్ కొట్టడం, దారికి అడ్డంగా సెల్ఫీ తీసుకోవడం ఎప్పుడూ చెయ్యకూడదు. చెప్పులు విప్పి నిలబడేవాళ్లు చుట్టూ ఉంటారు, వాళ్ల పాదాలు చూసి నడవాలి.

ఈ రెండు పద్ధతుల్నీ కలిపే చోటే బెంగళూరు తనదైన రాత్రిని కట్టుకోవాలి. విశాలమైన చోట్ల, కుమారకృపా రోడ్డు, చర్చ్ స్ట్రీట్ లాంటి వాటిలో నిలిచే బొమ్మలు. పేటలో కదిలేవి: చక్రాల బండి మీద తోలుబొమ్మల తెర, ఎద్దుబండి మీద చిన్న ప్రొజెక్టర్, ఒక్కో షట్టర్ ముందు ఐదు నిమిషాలు ఆగి ముందుకు పోయే నడిచే సినిమా. జనం మెట్ల మీద కూర్చుంటే ప్రదర్శనే వాళ్ల దగ్గరికి వస్తుంది. ఇక్కడి కళాకారులకు వీధిలో బరువులేని పని చెయ్యడం తెలుసు కూడా. బాదల్ నంజుండస్వామి 2019లో గుంతల రోడ్డు మీద రాత్రిపూట వ్యోమగామి దుస్తుల్లో ఒక మనిషిని నెమ్మదిగా నడిపించి వీడియో తీశారు. చంద్రుడి నేలే అనుకునేలోపు పక్కనుంచి ఆటో పోతుంది. గుంత గుంతలా కనిపించాలంటే వెలుగు పైనుంచి కాక పక్కవాటుగా, నేలను ఒరుసుకుంటూ రావాలి, అప్పుడే ప్రతి గుంతలోనూ నీడ నిండుతుంది. చీకటి, ఒక పక్కదీపం, ఒక వేషం. ఆ పనికి జనరేటర్ అక్కర్లేదు.

మరుగుదొడ్ల గురించి ఎవరూ రాయరు గనక రాయాలి. పబ్లిక్ టాయిలెట్లు చాలావరకు రాత్రికి తాళం పడతాయి, మెట్రో స్టేషన్లోవి రైళ్లతోపాటే మూతపడతాయి. ఆడవాళ్లు వందమందికి ఒకటి చొప్పున, దీపం వెలిగే చోట, నీళ్ల ట్యాంకుతో, శుభ్రం చేసే మనిషితో పెట్టకపోతే పదకొండింటికి కుటుంబాలు ఇంటిదారి పడతాయి. ఆ తర్వాత మిగిలేది మగవాళ్ల గుంపే. అప్పుడు ఆడవాళ్లకు భద్రత ఎలాగని సమావేశాలు పెట్టుకోవడం కన్నా ముందే పదివేల లీటర్ల నీళ్ల ట్యాంకర్ మాట్లాడుకోవడం నయం. తిండికీ ఇంతే. 2024 నుంచి హోటళ్లు ఒంటిగంట దాకా తెరవొచ్చు. ఒంటిగంట తర్వాత తోపుడుబండ్లకు ప్రత్యేక అనుమతి, చెత్తబుట్టలు రెండూ కలిపే అడగాలి.

ఇక ఇంటికి చేరడం. మెట్రో మామూలుగా పదకొండు ప్రాంతంలో ఆగిపోతుంది. కొత్త సంవత్సరం రాత్రి తెల్లవారి రెండింటిదాకా పొడిగించిన సందర్భాలున్నాయి. మాంట్రియల్ తన కళారాత్రికి మెట్రోని తెల్లవార్లూ నడిపిన ఏళ్లున్నాయి. ఇక్కడ ఒక చిక్కు చాలామంది గమనించరు. మామూలు రోజుల్లో మొదటి రైలు ఐదింటికి, ఆదివారం మాత్రం ఏడింటికి. ఉత్సవాన్ని శనివారం రాత్రి పెడితే, ఐదింటికి దీపాలు ఆర్పాక వైట్‌ఫీల్డ్ వెళ్లాల్సినవాళ్లు మెజెస్టిక్ స్టేషన్ మెట్ల మీద రెండు గంటలు కూర్చోవాలి, లేదా నాలుగింతల చార్జీ చెప్పే క్యాబ్ ఎక్కాలి. పదివేల మీటర్ల పరుగు జరిగే ఆదివారాల్లో మెట్రో ముందుగా మొదలైన ఆనవాయితీ ఉంది, కాబట్టి అడగడానికి ఆధారముంది. కనీసం ఆరునెలల ముందు అడగాలి. దొరక్కపోతే చివరి ప్రదర్శనను కె.ఆర్. మార్కెట్ స్టేషన్ పక్కకు మార్చి ఏడింటిదాకా పొడిగించాలి. అక్కడ పూలబజారు తెల్లవారుజాముకే నిండుగా ఉంటుంది, వేడి కాఫీ దొరుకుతుంది, దిగుమతి లారీలకు దారి వదిలితే చాలు. ప్రొజెక్టర్లు విప్పే పని మాత్రం పేట చివర నుంచి నాలుగున్నరకే మొదలుపెట్టాలి. షట్టర్లు ఎత్తే వేళకు సన్‌షేడ్ కింద బిగించిన క్లాంపులు, రోడ్డు మీది తీగలు, అంటించిన టేపు ఒక్కటీ మిగలకూడదు. తెల్లరంగు పూసిన షట్టర్‌ని కడిగి యజమానికి చూపించి సంతకం తీసుకోవాలి, వచ్చే ఏడు ఆ షట్టర్ మళ్లీ కావాలి కదా.